సంతకం ఢిల్లీది, శాస్తి రైతుది

2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద ఒక గోడ లేచింది. ఇటుక లేదు, సిమెంటు లేదు. ఉత్త మాటలతోనే లేపారు. రైతుకి, మత్స్యకారుడికి, పాడి రైతుకి నష్టం తెచ్చే ఏ విధానం ముందైనా తాను గోడలా నిలబడతానని ప్రధాని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. మన విశాఖ గోపాలపట్నం టీ బడ్డీల్లో టీవీలు కూడా మోగాయి.

మూడో రోజుకి ఆ గోడకి తలుపు పెట్టారు.

ఆగస్టు 18న కేంద్ర ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం సున్నా అయింది. మర్నాటి నుంచే అమలు. సెప్టెంబరు 30 దాకానే అన్నారు. ఆగస్టు 28కల్లా ఆ గడువు డిసెంబరు 31 అయింది. అంటే ఆదిలాబాద్‌లో, గుంటూరులో మన పత్తి మార్కెట్టుకి వచ్చే నెలలన్నీ తలుపు బార్లా తెరిచే ఉంది. గోడ మాత్రం ఉపన్యాసంలో చెక్కు చెదరకుండా ఉంది. ఏం కట్టడమండీ!

ఇంకో ముచ్చట. ఆ 11 శాతంలో సగం దాకా ఒక సెస్సు. దాని పేరు వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు. రైతు పేరు చెప్పి 2021 బడ్జెట్‌లో పుట్టించారు. రైతుకి పోటీగా వచ్చే సరుకు మీద అదే సెస్సుని ఒక్క కాగితంతో ఎత్తేశారు. పేరు రైతుది. మేలు మిల్లుది. ఇంతకంటే నిజాయితీగా ఉండమంటే ఎలా, పాపం!

మిల్లులకి కష్టం లేదని ఎవరూ అనట్లేదు. అమెరికా సుంకాల దెబ్బకి బట్టల ఎగుమతులు కుదేలయ్యాయి. ఆదుకోవాల్సిందే. కానీ ఆదుకునే ప్రతిసారీ రైతు జేబులోంచే ఎందుకు? ఆ మాట ఎవరితో చర్చించారు? ఎప్పుడు? ఎక్కడ?

పార్లమెంటులోనా? ఆగస్టు 18న పార్లమెంటు నడుస్తూనే ఉంది. నడుస్తూ ఉందంటే మాటవరసకి. 120 గంటలు పనిచేద్దామనుకున్న లోక్‌సభ ఆ వర్షాకాల సమావేశాల్లో పనిచేసింది 37 గంటలు. ఆగస్టు 21న సభ లేచిపోయింది. వారం తిరిగేసరికి గడువు పొడిగింపు కాగితం వచ్చేసింది. లోపల కేకలు, బయట కాగితాలు. ఎవరి పని వారిది.

ఇప్పుడు కాస్త సముద్రం దాటి వద్దాం. ఎందుకంటే మన పెద్దలకి అవతలి ఒడ్డున జరిగే అన్యాయం మహా స్పష్టంగా కనిపిస్తుంది.

2025 ఆగస్టు 7న ట్రంప్ దొర మన సరుకు మీద 25 శాతం సుంకం వేశాడు. ఆగస్టు 27న ఇంకో 25. రెండోది ఎందుకయ్యా అంటే, మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామట. చమురు కొన్నది కంపెనీలు. దెబ్బ తిన్నది రొయ్య. రొయ్యేమైనా పెట్రోలు తాగుతుందా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మాస్కో మీది కోపం భీమవరం చెరువు మీద పడింది.

విశాఖ వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2024-25లో దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ రూ.62,408 కోట్లు. అందులో రొయ్యలే రూ.43 వేల కోట్ల పైమాట. ఆ సరుకు దేశం దాటే రేవుల్లో, విలువ లెక్కన, మొదటిది మన విశాఖ. కొనేవాళ్లలో మొదటివాడు అమెరికా. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపితే రొయ్య మీద భారం 50 కూడా దాటిపోయింది. చెరువు గట్టు మీద కౌంటు ధర పడింది. ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు వలిచే ఆడవాళ్లకి షిఫ్టులు తగ్గాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర మంత్రులకి లేఖలు రాశారు. నష్టం రూ.25 వేల కోట్లని, ఎగుమతి ఆర్డర్లలో సగం రద్దయ్యాయని అందులో లెక్క చెప్పారు.

గోపాలపట్నం రైతుబజారులో కూరలు దించుకుంటూ ఓ పెద్దాయన అడిగిన ప్రశ్న ఇదీ: "ఏటి బాబూ, ఆయనెవరో ఆ దేశంలో కూకుని సంతకం పెడితే మనోళ్ల రొయ్యకి రేటు పడిపోద్దా? ఆయన్ని అడిగీవోడు నేడా?"

ఉన్నాడు తాతా. అక్కడ ఉన్నాడు. అదే కదా మన బాధ.

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసుకున్నారు, సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌దని. కాలక్రమంలో కాంగ్రెస్ సోమరిపోతులు ఆ అధికారాన్ని ముక్కలు ముక్కలుగా అధ్యక్షుడికి అప్పగించారు. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని ట్రంప్ బయటికి తీశాడు. అందులో సుంకం అనే మాటే లేదు. అయినా సంతకం గీకేశాడు. అత్యవసర పరిస్థితిని రద్దు చేసే తీర్మానం వస్తే సభ ఇన్ని రోజుల్లో ఓటేయాలని వాళ్ల చట్టం. మరి ప్రతినిధుల సభ ఏం చేసింది? 2025 మార్చిలో ఓ నిబంధన పాస్ చేసుకుంది. ఆ సమావేశాల్లో మిగిలిన రోజులు ఈ పనికి సంబంధించినంత వరకు క్యాలెండర్ రోజులు కావట! సూర్యుడు పొడుస్తాడు, కుంకుతాడు, జీతాలు పడతాయి, కానీ రోజు గడవదు. ఏప్రిల్‌లో మనతో సహా ప్రపంచం మీద పడ్డ సుంకాల విషయంలోనూ అదే కిటుకు. చట్టసభల బద్ధకానికి ఒలింపిక్స్ పెడితే స్వర్ణం వాళ్లకే. రజతానికి మనం గట్టి పోటీ.

అయినా అక్కడ కొందరు ఊరుకోలేదు. పిల్లల బొమ్మలు చేసే కంపెనీ ఒకటి కోర్టుకెళ్లింది. వైన్ దిగుమతి చేసుకునే చిన్న వ్యాపారి ఒకరు వెళ్లారు. 12 రాష్ట్రాలు వెళ్లాయి. కింది కోర్టులో గెలిచారు. వైన్ వ్యాపారి, రాష్ట్రాల కేసు అప్పీలు కోర్టులోనూ 7-4తో నెగ్గింది. 2026 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు 6-3తో తేల్చేసింది: ఆ చట్టం అధ్యక్షుడికి సుంకాలు వేసే అధికారం ఇవ్వలేదు. అంతే. ప్రపంచాన్ని వణికించిన సంతకం చిత్తు కాగితమైంది.

ట్రంప్ ఊరుకుంటాడా? అదే రోజు 1974 చట్టంలోని 122వ సెక్షన్ పట్టుకుని 10 శాతం సుంకం ప్రకటించాడు. కానీ చూడండి, ఆ సెక్షన్‌కి కళ్లెం ఉంది. 15 శాతం దాటకూడదు. 150 రోజులు దాటకూడదు. దాటాలంటే కాంగ్రెస్ ఒప్పుకోవాలి. ఎంత మొండివాడికైనా గడియారం ముందు తల వంచాల్సిందే. చట్టసభ కళ్లెం అంటే అదీ.

మన దగ్గర ఆ గడియారం ఏ గోడకి తగిలించారో చెప్పండి?

అమెరికా అధ్యక్షుడి ఒంటి సంతకం మీద మనవాళ్లు ఎంత మండిపడ్డారు! అన్యాయమన్నారు, అసమంజసమన్నారు. నిజమే. గురివింద గింజకి ఎదుటివాడి నలుపు భలే కనిపిస్తుంది.

మన రాజ్యాంగం 265వ అధికరణం ఏమంటుంది? చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. గొప్పగా ఉంది కదా? ఇక చట్టం ఏమంటుందో చూడండి. 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్: ప్రజా ప్రయోజనం కోసం అవసరమని కేంద్రం 'సంతృప్తి' చెందితే చాలు, ఏ సరుకు మీదైనా సుంకాన్ని మొత్తంగానో కొంతో గెజిట్ నోటిఫికేషన్‌తో మినహాయించవచ్చు. సంతృప్తి చెందాల్సింది ఎవరు? ప్రభుత్వం. ఎవరి చర్య మీద? తన చర్య మీద. ఈ దేశంలో ప్రభుత్వం తన మీద తాను అసంతృప్తి చెందిన రోజు ఎవరికైనా గుర్తుందా?

ఆ నోటిఫికేషన్‌ని పార్లమెంటు ముందు పెట్టాలి. 159వ సెక్షన్ అలా అంటుంది. మొత్తం 30 రోజులు సభ ముందు ఉంచాలి. సభలు కావాలంటే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. వినడానికి కమ్మగా ఉంది. అసలు సంగతేమిటంటే, ఎవరూ నోరెత్తకపోతే అది ఆమోదం పొందినట్టే లెక్క. నోరెత్తకపోవడంలో మన సభలకి ఉన్న అనుభవం ఏపాటిదో తెలుసుగా! రైతు సమస్య మీద అరవని గొంతు ఉండదు, రైతు కాగితం చదివే కన్ను ఉండదు.

ఇందులో ఇంకో మెలిక. సుంకం పెంచాలంటే చట్టం కాస్త కఠినం. 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం ప్రకారం అత్యవసరమని దిగుమతి సుంకం పెంచినా, ఎగుమతి సుంకం వేసినా, ఆ నోటిఫికేషన్‌కి పార్లమెంటు ఆమోదం కోరుతూ తీర్మానం పెట్టాలి. తగ్గించడానికి? ఆ తీర్మానం అక్కర్లేదు. సభ బల్ల మీద కాగితం పడేస్తే చాలు. వ్యాపారి మీద పన్ను పెరిగితే ప్రజాస్వామ్యానికి మెలకువ వస్తుంది. రైతుకి ఉన్న రక్షణ తీసేస్తే ప్రజాస్వామ్యం అటు తిరిగి పడుకుంటుంది. పత్తి రైతుకి దెబ్బ తగిలేది పెంపుతో కాదు మహాప్రభో, తగ్గింపుతో! ఆ దారికే కాపలా లేదు.

పోనీ, పెంచినప్పుడైనా కాపలా పనిచేస్తోందా? 2023 క్యాలెండర్ ఒకసారి తిరగేయండి. జులై 20న వర్షాకాల సమావేశాలు మొదలయ్యాయి. అదే రోజు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధం. ప్రజా ప్రతినిధులు సభలో సీట్లు సర్దుకునే వేళకి కాకినాడ రేవులో బియ్యం సంగతి తేలిపోయింది. ఆగస్టు 11న సభ ముగిసింది. 19న ఉల్లి మీద 40 శాతం ఎగుమతి సుంకం. 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం. సభ లేచాకే అత్యవసరాలు లేస్తాయి. ఏం ముహూర్తబలం!

తీర్మానం పెట్టాలి నిజమే. ఎప్పటికి? సభ మళ్లీ కూడాక ఏడు రోజుల్లో కాగితం పెట్టాలి. ఆ పైన పదిహేను రోజుల్లో తీర్మానం. ఈలోగా ఉల్లి కుళ్లకుండా కూర్చుంటుందా? పార్లమెంటు సమన్లు వచ్చేదాకా మొలకెత్తనని దానికి రాజ్యాంగ నిష్ఠ ఏమైనా ఉందా?

ఉల్లి కథ ఎన్నికల సంఘం రాసిందేమోనని అనుమానం వస్తుంది. 2023 డిసెంబరులో ఎగుమతి పూర్తిగా బంద్. 2024 మార్చి 31 దాకానే అని చెప్పి తర్వాత పొడిగించారు. మే 4న హఠాత్తుగా ఎత్తేశారు, 40 శాతం సుంకం మాత్రం ఉంచి. మూడు రోజుల్లో, మే 7న, మహారాష్ట్రలో పోలింగ్. సెప్టెంబరులో ఆ సుంకం సగానికి దిగింది. నవంబరులో మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికలు. 2025 ఏప్రిల్ 1న సున్నా. నాసిక్ రైతు ఓటుకి ఆ మాత్రం విలువైనా కట్టారు. మరి కర్నూలు రైతు? 2025 సెప్టెంబరులో అక్కడ ఉల్లి ధర నేలకి కొట్టుకుంది. రాష్ట్ర ప్రభుత్వమే క్వింటాలు రూ.1,200కి కొనాల్సి వచ్చింది. విదేశీ కొనుగోలుదారుని ఏడాదిన్నర పైగా గుమ్మం బయట నిలబెట్టాక, వాడు వేరే ఇల్లు చూసుకోడా?

కడప, కర్నూలు వైపు పండే కృష్ణాపురం ఉల్లి సంగతి మరీ విడ్డూరం. చిన్న గడ్డ, గట్టి ఘాటు. మన వంటింట్లో దానికి గిరాకీ లేదు. విదేశాలకే పోతుంది. 2020లో ఉల్లి ఎగుమతి నిషేధించినప్పుడు దాన్నీ ఆపేశారు. మన కోసం! మనం తినని ఉల్లిని మనకి చవగ్గా దొరకాలని ఆపేశారు. తర్వాత తప్పు తెలిసొచ్చి 10,000 టన్నులకి, అదీ ఒక్క చెన్నై రేవు నుంచే, అనుమతిచ్చారు. సభలో ఒక్క గంట చర్చ జరిగి ఉంటే, రాయలసీమ ఎంపీ ఎవరో ఒకరు లేచి "అయ్యా, ఇది మేం కూరలో వేసుకోం" అని చెప్పి ఉండేవారు కాదా? చట్టసభ ఉండేది అందుకే. సంతకం పెట్టేవాడికి తెలియనిది చెప్పడానికి.

ఇక నూనె. గోపాలపట్నం మెయిన్ రోడ్డులో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లండి. ముందు వరసలోనే పామాయిల్ ప్యాకెట్లు వేలాడుతుంటాయి. ఆ లీటరు ప్యాకెట్ వెనక ఉన్న సర్కస్ వినండి. 2021 ఆగస్టులో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. రూ.11,040 కోట్లు. రైతన్నా, వరి మానెయ్, పామాయిల్ వెయ్, దేశాన్ని ఉద్ధరించు అన్నారు. ఉద్ధరించడంలో మన రైతు ఎప్పుడు వెనకపడ్డాడు? ఏలూరు నుంచి ఖమ్మం దాకా మొక్కలు లేచాయి. ఆ మొక్క గెల వేయడానికి నాలుగేళ్లు. తోట పాతికేళ్లు నిలవాలి.

సంతకం ఎన్నాళ్లు నిలిచింది? 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్ మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతం చేశారు. గెల ధర లేచింది. రైతు కాలరెగరేశాడు. 2025 మే 30న అదే సుంకం 10 శాతానికి దించేశారు. తొమ్మిది నెలలు కూడా నిండలేదు! నాలుగేళ్ల పంటకి తొమ్మిది నెలల విధానం. చెట్టు మాట మీద నిలబడింది. సర్కారు నిలబడలేదు. మే 30న పార్లమెంటు ఎక్కడుంది? సెలవుల్లో. అది కూడా మీరే ఊహించి ఉంటారు.

వినియోగదారుడి మేలు కోసమేనట. మంచిది. సుంకం పది పాయింట్లు దిగితే మీ ప్యాకెట్ మీద ఎంత దిగింది? కొట్టువాడిని అడిగితే నవ్వుతాడు. దిగిన సుంకం దారిలో ఎవరి ఇంట్లో బస చేసిందో తేల్చమని సభలో ఎవరైనా అడిగారా?

అదే రైతుబజారు తీరు చూడండి. 1999లో మొదలైన పథకం. పొద్దున్నే గేటు దగ్గర బోర్డు మీద ధరలు రాస్తారు. వంకాయ ఇంత, బెండకాయ ఇంత. బోర్డు మీది ధర కన్నా రెండు రూపాయలు ఎక్కువ చెప్తే కొనేవాడే నిలదీస్తాడు, వినకపోతే ఎస్టేట్ అధికారి దగ్గరికి పంచాయితీ పోతుంది. కిలో వంకాయ అమ్మే మనిషికి ఇంత జవాబుదారీ. కోట్ల ఎకరాల పంట రాతని రాత్రికి రాత్రి మార్చే మనిషికి? బోర్డు లేదు. బజారు లేదు. అడిగేవాడు అంతకన్నా లేడు.

మన విశాఖ ఉక్కు నగరం కాబట్టి ఉక్కు మాట కూడా చెప్పాలి. చవక ఉక్కు విదేశాల నుంచి వచ్చి పడుతోందని కంపెనీల సంఘం మొర పెట్టుకుంది. వెంటనే విచారణ. వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ నోటీసులిచ్చింది, లెక్కలు తీసింది, పక్షాల వాదన వింది. 2025 ఏప్రిల్‌లో 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం. సంవత్సరాంతానికి మూడేళ్ల రక్షణ ఖాయం. ఏయేడు ఎంతో మెట్లు మెట్లుగా ముందే చెప్పేశారు. తప్పు పట్టడం లేదు. ఉక్కు బతకాలి, కూర్మన్నపాలెం బతకాలి. అడిగేది ఒక్కటే. ఇనుముకి విచారణ ఉంది, పత్తికి ఎందుకు లేదు? ఫ్యాక్టరీకి మూడేళ్ల భరోసా ఉంది, పొలానికి మూడు నెలల భరోసా అయినా ఎందుకు లేదు? కోటు వేసుకుని వస్తే వాదన వింటారు, కండువా వేసుకుని వస్తే ఓటు అడుగుతారు. అంతేనా?

కంది రైతునీ అడగండి. 2021 మేలో కంది దిగుమతికి తలుపులు తీశారు. తాత్కాలికమే అన్నారు. ఏటేటా పొడిగించుకుంటూ 2026 మార్చి 31 దాకా తెచ్చారు. పసుపు బఠాణీకి 2023 డిసెంబరులో సుంకం ఎత్తేశారు, నాలుగు నెలలకే అన్నారు. ఆ నాలుగు నెలలు దాదాపు రెండేళ్లు సాగాయి. సర్కారీ తాత్కాలికం కన్నా శాశ్వతమైంది ఈ దేశంలో ఇంకేదైనా ఉందా?

ఒప్పందాల ముచ్చట ఇంకా భేష్. 2026 ఫిబ్రవరిలో భారత్, అమెరికా ఉమ్మడి ప్రకటన చేశాయి. మన మీద సుంకం 18 శాతానికి దిగుతుందన్నారు. బదులుగా మనం తగ్గించే, ఎత్తేసే జాబితాలో సోయా నూనె ఉంది. పశువుల దాణాకి ఎర్ర జొన్న ఉంది. ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి ఉంది. మన మొక్కజొన్న రైతు అమ్మేది ఎవరికి? కోళ్ల దాణా వాళ్లకేగా. రెండు వారాలు తిరగలేదు, వాళ్ల సుప్రీంకోర్టు ఆ సుంకాల పునాదినే పీకేసింది. ఏ బెదిరింపు చూసి మనం తలూపామో, ఆ బెదిరింపే చెల్లదని వాళ్ల కోర్టు చెప్పింది. తొందరపడ్డ కోయిల ముందే కూసింది. మన దేశంలో ఇలాంటి ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు మరి. ఆమోదం అవసరమై ఉంటే, చర్చ పేరుతోనైనా ఆ రెండు వారాలు గడిచేవి కాదా? చట్టసభ ఆలస్యం చేస్తుందని విసుక్కునే వాళ్లకి ఒక మాట: ఆ ఆలస్యం పేరే ఆలోచన.

ఇక మన రాష్ట్రాలు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ పద్దు. కస్టమ్స్ సుంకాలు కేంద్ర జాబితాలో 83వ పద్దు. అంటే పంట నష్టపోతే పరామర్శ రాష్ట్రానిది, నష్టం చేసే కాగితం కేంద్రానిది. అమెరికాలో 12 రాష్ట్రాలు తమ అధ్యక్షుడినే కోర్టుకి లాగాయి. మన రాష్ట్రాలు లేఖలు రాస్తాయి. రాసి, రాసినట్టు ఫొటో పెడతాయి. తెలుగుదేశానికి లోక్‌సభలో 16 మంది ఉన్నారు. వాళ్ల భుజం మీద చెయ్యి వేసే ఢిల్లీ సర్కారు నిలబడింది. అలాంటి వాళ్లకి లేఖ దేనికండీ? భుజం కదిపితే చాలదూ? ప్రతిపక్షాలేమైనా తీసిపోయాయా? రోడ్డు మీద పత్తి తగలబెట్టి వీడియో తీయడం వచ్చు. సభలో 159వ సెక్షన్ కింద రద్దు తీర్మానం ఇవ్వడం వచ్చా?

అసలు సభకి పన్నుల సొమ్ము మీద మక్కువ ఎంతో 2023 మార్చి 23న చూశాం. ఇంచుమించు రూ.45 లక్షల కోట్ల బడ్జెట్. లోక్‌సభ చర్చ లేకుండానే ఆమోదించేసింది. గిలెటిన్ అంటారు దాన్ని. ఫ్రాన్సులో రాజు తల తెగిన యంత్రం. మన దగ్గర ప్రజల ప్రశ్నలు తెగుతాయి. ఇంటికి ఫ్రిజ్ కొనాలంటే నాలుగు కొట్లు తిరిగే మనుషులం. మన పేరు మీద లక్షల కోట్లకి చెయ్యెత్తేవాళ్లు ఒక్క ప్రశ్న అడగరా?

"ధరలు భగ్గుమంటే సభ కూడేదాకా ఆగాలా?" అని ఢిల్లీ పండితులు అడుగుతారు. అక్కర్లేదు. అగ్గి పడితే నీళ్లు పోయండి. ఎవరు వద్దన్నారు? కానీ అగ్గి ఆరాక నీళ్ల గొట్టం ఇంటికి పట్టుకుపోతారా? అడిగేది గొంతెమ్మ కోరికలు కావు. పంటల మీద సుంకం తగ్గించినా, పెంచినా, ఎగుమతి ఆపినా, ఆ ఉత్తర్వు 60 రోజులకి దానంతట అదే రద్దయ్యేలా చట్టం సవరించండి. కొనసాగాలంటే ఉభయ సభలు ఓటేయాలి. మౌనం అంగీకారం కాదు, చెయ్యెత్తితేనే అంగీకారం. ఎందుకు చేశారో, రైతుకి ఎంత నష్టమో, వినియోగదారుడికి ఎంత దక్కిందో లెక్క సభ ముందు పెట్టాలి. పండించే రాష్ట్రాలని ముందు అడగాలి. మద్దతు ధర కన్నా దిగువకి దిగుమతి ధర పడిపోయేలా సుంకం తగ్గించే అధికారం ఏ ఒక్క సంతకానికీ ఉండకూడదు. పొడుగు పింజ పత్తికి క్వింటాలు రూ.8,110 అని 2025-26కి మద్దతు ధర ప్రకటించింది మీరే. పింజ మీది, ధర మీది, ప్రకటన మీది. మరి దాన్ని కూల్చే నోటిఫికేషన్ పొరుగూరిదా?

ఆ ధర అందుకోవడానికి రైతు ఏం చేయాలో తెలుసా? 'కపాస్ కిసాన్' అని యాప్ పెట్టారు. అందులో పేరు నమోదు చేయాలి, స్లాట్ పట్టాలి, పత్తిలో తేమ 12 శాతం మించకూడదు. తుపాను రోజుల్లో తడిసిన పత్తి పట్టుకుని వేలిముద్ర పడని ఫోనులో స్లాట్ వెతుక్కోవాలి. విదేశీ పత్తికి ఏ యాప్ పెట్టారు? అది దర్జాగా ఓడ దిగి నేరుగా మిల్లుకి పోయింది. స్వదేశీ అంటే ఇదేనా సారూ?

అక్కడ ఒక అహంకారి సంతకానికి బొమ్మల వ్యాపారి అడ్డం పడ్డాడు, కోర్టు అడ్డం పడింది. మన దగ్గర సంతకానికి చట్టమే ఎర్ర తివాచీ పరిచింది. అందుకే కోర్టుకెళ్లినా లాభం తక్కువ. ఆ తివాచీ చుట్టేయగలిగింది ఒక్క పార్లమెంటే. అంటే మనం పంపినవాళ్లే. ఆంధ్ర నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది.

వాళ్లు మళ్లీ వస్తారు. గోపాలపట్నం బంక్ దగ్గర ప్రచార రథం ఆగుతుంది. పచ్చ కండువానో, కాషాయమో, ఫ్యాను గుర్తో, చెయ్యి గుర్తో. నాగలి పట్టుకుని ఫొటో దిగుతారు. అప్పుడు దండ వేయకండి. ఒక్క ప్రశ్న వేయండి: "పత్తి కాగితం సభ ముందున్న ఆ 30 రోజుల్లో తమరేం చేశారు?" తెల్లమొహం వేస్తే ఓ నోటిఫికేషన్ చదివి వినిపించండి. మీ పదవి కాలపరిమితి అయిదేళ్లు, ప్రజా ప్రయోజనం దృష్ట్యా పొడిగింపు లేదు, మేం పూర్తిగా సంతృప్తి చెందాకే చెబుతున్నాం, దయచేయండి.